పుట్టుకతో వచ్చు మచ్చలు – కేన్సరు భయము – శస్త్రచికిత్స

పుట్టుమచ్చ లేని మనుష్యుడు అరుదు. మన తెలుగునాట పదవ తరగతి పరీక్షకు పోవు విద్యార్థి తన దేహముమీది రెండు పుట్టుమచ్చలను గుర్తులుగా చూపుటయు, ఉపాధ్యాయుడు వానిని పత్రమున వ్రాయుటయు మనకందరకు తెలిసిన వాడుకయే. అయితే ఆ పత్రములకెక్కు మచ్చలలో పెక్కింటికి ఆ పేరు నిజముగా చెల్లదు. ఏలయన, బిడ్డ పుట్టిననాడు అవి లేవు. బాల్యమునందును యౌవనమునందును ఒక్కొక్కటిగా పొడసూపినవి. పుట్టుకతోనే వచ్చు నల్లమచ్చలు వేరు. నూరుగురు శిశువులలో సుమారు ఒక్కరికే అట్టి మచ్చ యుండును. ఈ లెక్కను బట్టి వేయిమంది చదువు పాఠశాలయందు పదిమందికి అది యుండవచ్చును.

ఈ మచ్చలలో అధికభాగము ఆవగింజంతయో, కందిగింజంతయో యుండి, ఎవరికిని బాధ కలిగింపక జీవితాంతము నిలుచును. కాని కొందరు శిశువుల వీపునంతయు, లేక మొలనుండి తొడలవరకును ఆవరించి, రోమములతో నిండిన పెద్ద మచ్చ యొకటి పుట్టుకతోనే వచ్చును. అట్టి బిడ్డను చూచిన తల్లిదండ్రుల మనస్సున రెండు ప్రశ్నలు మెదలును. ఇది ముందు కేన్సరుగా మారునా? మారునేని ఇప్పుడే కోసివేయింపవలదా? ఈ ప్రశ్నలకు వైద్యులు ఇచ్చు ప్రత్యుత్తరము గడచిన కొన్ని దశాబ్దములలో చాల మారినది. ఆ మార్పు ఎట్లు వచ్చెనో తెలిసికొనుట శరీరశాస్త్రమునకే గాక, లెక్కల పాఠమునకును ఉపకరించును. కావున ఆ విషయమును మేము ఇచట వివరింపదలచితిమి.

అన్ని మచ్చలు ఒక్కటి కావు

మొదట మచ్చల జాతులను వేరుపరచుకొనవలయును. మన దేశపు శిశువులలో పెక్కుమందికి నడుము క్రిందిభాగమున, పిరుదులమీద నీలిరంగు మచ్చలు కానవచ్చును. అవి దెబ్బ తగిలి కమిలినట్లు తోచును గాని, కమిలినవి కావు. కొన్ని సంవత్సరములలో సాధారణముగా తమంతట తామే మాయమగును. వానికి చికిత్స అక్కరలేదు.

రెండవది రక్తనాళములు గుమిగూడుటచే నేర్పడు ఎఱ్ఱని బొబ్బవంటి గడ్డ. ఇది పుట్టిన కొలది వారములకు కనబడి, కొన్ని నెలలు వేగముగా పెరిగి, పిమ్మట సంవత్సరముల తరబడి మెల్లమెల్లగా కుంచించుకొని పోవును. ఇది కేన్సరు కాదు. కన్నును మూసివేయుట, శ్వాసకు అడ్డుపడుట వంటి చిక్కులు కలిగినపుడు మాత్రము చికిత్స చేయుదురు. గుండెజబ్బులకు వాడు ప్రోప్రనలాల్ అను మందు ఈ గడ్డలను కరగించునని ఫ్రాన్సు దేశమునందలి బోర్డో నగర వైద్యులు 2008లో ప్రకటించిరి. అప్పటినుండి వీనికి కత్తి పట్టవలసిన అవసరము మిక్కిలి తగ్గినది.

మూడవది మన ముఖ్యవిషయమైన నల్లమచ్చ. చర్మమునకు రంగునిచ్చు జాతి జీవకణములు ఒకచోట మితిమీరి గుమిగూడుటచే నిది ఏర్పడును. నాలుగవది తలమీద వెండ్రుకలు మొలవని పసుపుపచ్చని పట్టీవలె నుండు జిడ్డుగ్రంథుల మచ్చ. కేన్సరు భయమును గూర్చిన చర్చ యంతయు ముఖ్యముగా ఈ చివరి రెండింటిని గూర్చినదే.

నల్లమచ్చ పుట్టు విధము

గర్భస్థపిండము యొక్క తొలి మాసములలో వెన్నుపాము ఏర్పడు తావున కొన్ని కణములు పుట్టి, అచ్చటనుండి బయలుదేరి, శరీరమునందంతట చర్మమునకు ప్రయాణము చేయును. చర్మమునకు రంగు తెచ్చునవి ఇవియే. ప్రయాణదశలో నున్న ఒక్క కణమునందలి జన్యువున చిన్న మార్పు కలిగెనేని, ఆ కణమునుండి పుట్టిన సంతతియంతయు ఆ మార్పును మోసికొనిపోయి, చేరినచోట మితిమీరి పెరిగి మచ్చగా నేర్పడును. ఒంటినిండ అనేకములైన మచ్చలు గల శిశువులలో ఈ మార్పు సాధారణముగా ఎన్‌రాస్ అను జన్యువునందు కలుగునని లండను పరిశోధకులు 2013లో చూపిరి. మార్పు ఎంత ముందుగా జరిగిన, మచ్చ అంత పెద్దదగుటకు అవకాశము కలదు.

దీనినుండి ఒక ముఖ్యమైన సంగతి తేలుచున్నది. ఈ మార్పు తల్లిదండ్రులనుండి సంక్రమించినది కాదు. గర్భము నిలిచిన పిమ్మట ఒక్క కణమునందు యాదృచ్ఛికముగా జరిగినది. తల్లి గ్రహణమును చూచుటవలన గాని, గర్భిణిగా నున్నపుడు తినరానిది తినుటవలన గాని ఇట్టి మచ్చలు రావు. మన పల్లెలలో ఇప్పటికిని కొందరు తల్లులు ఈ నిందను మోయుచున్నారు. శాస్త్రము వారిని పూర్తిగా నిర్దోషులుగా తేల్చినది.

ఈ కణములు చర్మము పైపొరయందే నిలువవు. పెద్దమచ్చలలో అవి రోమముల మూలములను, నరములను అనుసరించి, చర్మము క్రిందనుండు క్రొవ్వుపొరలోనికి, ఒక్కొక్కప్పుడు కండరముల పైపొరవరకును దిగియుండును. కొందరు పిల్లలకు అట్టి కణములే మెదడును వెన్నుపామును కప్పు పొరలలోనికి కూడ చేరును. ఈ రెండు సంగతులను చదువరులు జ్ఞాపకముంచుకొనవలయును. శస్త్రచికిత్సయొక్క హద్దులు ఇచ్చటనే యున్నవి.

మచ్చను కొలుచు విధము

బిడ్డ పెరిగినకొలది మచ్చయు పెరుగును. కావున వైద్యులు మచ్చను నేటి కొలతను బట్టి గాక, బిడ్డ పెద్దవాడైననాడు దాని అడ్డుకొలత ఎంతయగునో లెక్కించి తరగతులుగా విభజింతురు. 1.5 సెంటీమీటర్లకు లోబడినది చిన్నది. 20 సెంటీమీటర్ల వరకు మధ్యమము. అంతకు మించినది పెద్దది. 40 సెంటీమీటర్లు దాటినది అతిపెద్దది. శిశువు తలమీది మచ్చ పెద్దయగునప్పటికి సుమారు రెండింతలు, మొండెముమీదిది సుమారు మూడింతలు అగును. ఉదాహరణమునకు, పుట్టిననాడు వీపుమీద 8 సెంటీమీటర్లున్న మచ్చ మున్ముందు సుమారు 24 సెంటీమీటర్లగును. కావున అది పెద్ద మచ్చలలో చేరును. అదే 8 సెంటీమీటర్ల మచ్చ తలమీద నుండెనేని 16 సెంటీమీటర్లై మధ్యమముగనే నిలుచును. ఇట్టి చిన్న గుణకారము మీద బిడ్డకు చేయవలసిన పరీక్షలును, తల్లిదండ్రులకు చెప్పవలసిన మాటలును ఆధారపడియున్నవి.

భయమును లెక్కించు విధము

మన పెద్దలు రాచపుండని పిలిచిన కేన్సరులో పెక్కు జాతులు కలవు. రంగుకణములనుండి పుట్టు జాతికి మెలనోమా అని పేరు. చర్మపు కేన్సరులలో ఇది మిక్కిలి క్రూరమైనది. త్వరగా ఇతరావయవములకు ప్రాకును. పెద్ద నల్లమచ్చలనుండి ఇది పుట్టగలదనుట నిజము. అయితే ఎందరికి పుట్టును? ఇచ్చటనే పూర్వపు లెక్కలు దారి తప్పినవి.

ఒక కుమ్మరి సంవత్సరమునకు వేయి కుండలు అమ్మెననుకొందము. పగిలినవి మాత్రమే అతని యొద్దకు మరల వచ్చును. తిరిగివచ్చిన కుండలను మాత్రమే చూచినవాడు, ఈతని కుండలన్నియు పగులునవియే యని తీర్మానించును. ఇంటింట చల్లగా నీరు నింపుకొనియున్న కుండలు అతని కంట బడవు. పెద్ద ఆసుపత్రులలో కూర్చుండి మచ్చలను లెక్కించిన పూర్వవైద్యులకు జరిగినదియు నిట్టిదే. గడ్డకట్టిన మచ్చ, రక్తము కారు మచ్చ, అనుమానము కలిగించిన మచ్చ వారి యొద్దకు చేరెను; నిరపాయముగా నున్న వేలకొలది మచ్చలు ఇండ్లలోనే నిలిచిపోయెను. కావున కొలదిమందిని మాత్రమే పరీక్షించిన పరిశోధనలు అపాయమును మిక్కిలి హెచ్చుగా చూపినవి. ఆ లెక్కలు చూచి భయపడి, శస్త్రవైద్యులు పసిబిడ్డల మచ్చలను సాధ్యమైనంత త్వరగా, సాధ్యమైనంత పూర్తిగా కోసివేయుటయే కర్తవ్యమని తలచిరి.

2006లో జర్మనీ వైద్యులు కొందరు అంతకుముందు వెలువడిన 14 పరిశోధనలను ఒకచోట చేర్చి చూచిరి. అందు మొత్తము 6,571 మంది మచ్చలు గలవారు లెక్కకు వచ్చిరి. వారిలో మెలనోమా వచ్చినవారు 46 మంది. అనగా నూటికి ఒకటికంటె తక్కువ, సుమారు 0.7. అపాయము మచ్చ పరిమాణముతో పెరుగుచుండెననియు, మొండెమును వస్త్రమువలె కప్పిన అతిపెద్ద మచ్చలయందు అది అన్నిటికంటె హెచ్చనియు తేలినది. పెద్ద మచ్చలు గలవారిని మాత్రమే లెక్కించి 2013లో ప్రకటింపబడిన మరియొక సమీక్షలో నూటికి ఇద్దరికి మెలనోమా వచ్చినట్లు కనబడినది. నూటికి ఇద్దరు అనుట చిన్న సంఖ్యగా తోచవచ్చును. కాని ఆ ఇద్దరి తల్లిదండ్రులకు అది చిన్నది కాదు. అట్లని మిగిలిన తొంబదియెనిమిది మందిని ఆ భయముతోనే పెంచుటయు న్యాయము కాదు.

జిడ్డుగ్రంథుల మచ్చ చరిత్రయు ఇట్లే నడచినది. జర్మను వైద్యుడు యాడసోన్ 1895లో దీనిని వర్ణించెను. బాల్యమున సమముగా నుండు ఈ మచ్చ యౌవనమున దళసరియై, గరుకుదేరి, ఉలిపిరికాయవలె నగును. దీనియందు నూటికి పది, ఇరువది వంతులు కేన్సరు పుట్టునని చాలకాలము పాఠ్యగ్రంథములు బోధించినవి. ఆ బోధను నమ్మి బాలబాలికల మచ్చలను ముందుగనే కోసివేయుచుండిరి. 2000లో ఫ్రెంచి వైద్యులు 596 మచ్చలను సూక్ష్మదర్శినితో మరల పరీక్షింపగా, నిజమైన కేన్సరు నూటికి ఒకటికంటె తక్కువగా కానవచ్చినది. పూర్వులు కేన్సరని తలచినవానిలో పెక్కు రోమమూలములనుండి పుట్టిన నిరపాయకరములైన గడ్డలే యని తేలినది. ఇప్పుడు ఈ మచ్చను కోయుట సాధారణముగా రూపముకొరకో, బాధ తొలగించుటకొరకో, క్రొత్తగా గడ్డ లేచినపుడో జరుగుచున్నది; కేవలము భయము కొరకు కాదు.

శస్త్రవైద్యుని మార్గములు

నల్లమచ్చను కోయుట సులభము. కోసినచోటును కప్పుట కష్టము. చిన్నమచ్చను తొలగించి అంచులను దగ్గరకు లాగి కుట్టుదురు. కొంచెము పెద్దదైనచో మధ్యభాగమును ఆకు ఆకారమున కోసి కుట్టి, ప్రక్కచర్మము సడలుటకు కొన్ని నెలలు వేచియుండి, మరల మధ్యభాగమును కోయుదురు. రెండు మూడు దఫాలలో మచ్చ పూర్తిగా తొలగి, ఒక్క గీత మిగులును. ఈ పద్ధతిని ఫ్రెంచి శస్త్రవైద్యుడు మొరెస్టాన్ 1915లో వర్ణించెను.

అంతకంటె పెద్ద మచ్చలకు రెండు మార్గములు కలవు. ఒకటి తొడనుండియో మరియొక చోటనుండియో చర్మమును తీసి కోసినచోట అంటించుట. పుండు త్వరగా మూతపడును గాని, అంటించిన చర్మము కుంచించుకొనును, రంగు కలియదు, బిడ్డ పెరుగుచుండగా కీళ్లయొద్ద పట్టివేయవచ్చును. రెండవది ప్రక్కనున్న మంచి చర్మమునే పెంచి జరుపుట. గర్భవతి ఉదరచర్మము నెలల తరబడి సాగి ఎట్లు విశాలమగునో అందరమెరుగుదుము. ఆ ధర్మమునే ఆధారముగా గొని, అమెరికా వైద్యుడు న్యూమన్ 1957లో చెవివెనుక చర్మము క్రింద రబ్బరు సంచి నుంచి, దానిని క్రమముగా ఉబ్బించి, సాగిన చర్మముతో చెవికి పొర కల్పించెను. నేడు సిలికోను సంచిని మంచి చర్మము క్రింద అమర్చి, వారమునకొకమారు సూదితో ఉప్పునీటిని ఎక్కించి, రెండు మూడు నెలలు సాగనిత్తురు. పిమ్మట సంచిని తీసి, మచ్చను కోసి, సాగిన చర్మమును ఆ చోటికి జరిపి కుట్టుదురు. దీనివలన రంగును రూపమును చక్కగా కలియును. కాని సంచి యున్నంతకాలము బిడ్డ జాగ్రత్తగా నుండవలయును. క్రిముల బాధ కలుగవచ్చును.

ప్రక్కచర్మమును మొదలు తెంపకుండ త్రిప్పి మరియొక చోటును కప్పు విద్య మన దేశమునకు క్రొత్త కాదు. చెక్కిలి చర్మముతో ముక్కును కట్టు విధము సుశ్రుతసంహితయందు వర్ణింపబడియున్నది. పూనా ప్రాంతమున నుదుటి చర్మముతో ముక్కును కట్టిన వృత్తాంతము 1794లో లండను జెంటిల్మన్స్ మేగజైన్ పత్రికయందు చిత్రముతో ప్రకటింపబడినది. దానిని చదివి కార్ప్యూ అను ఆంగ్లవైద్యుడు 1814లో ఆ చికిత్సను తన దేశమున చేసెను.

పైపొరను గీకివేయుట, లేజరు కిరణములతో రంగును తగ్గించుట అనునవియు కలవు. అవి మచ్చను పలుచన చేయును గాని, లోతున నున్న కణములను తొలగింపవు. రంగు మరల రావచ్చును.

ఎప్పుడు కోయవలయును?

పెద్ద మచ్చను ఎంత శ్రద్ధతో కోసినను, నరములవెంట లోతునకు దిగిన కణములన్నియు రావు. మెదడు పొరలలో నున్నవానిని చర్మమును కోయుట అసలే తాకదు. పైన చెప్పిన 2006 సమీక్షలో మెలనోమాలు సుమారు మూడింట రెండు వంతులే మచ్చలోనుండి పుట్టినవి. తక్కినవి మచ్చకు బయట పుట్టినవియో, మొదలు తెలియనివియో అయియుండెను. కావున ముందుగా కోసివేసినంతమాత్రమున కేన్సరు తప్పునని నిర్ణయించు గట్టి ఋజువు నేటివరకు లేదు. కోసిన బిడ్డనైనను, కోయని బిడ్డనైనను జీవితాంతము కనిపెట్టియుండుట తప్పదు.

ఇంక ఖర్చులోనికి వచ్చు అంశములు చూతము. పెద్ద మచ్చకు అనేకమారులు మత్తుమందు ఈయవలసియుండును. మూడేండ్లకు లోబడిన పిల్లలకు పలుమారులు గాని, మూడు గంటలకు మించి గాని మత్తుమందు ఇచ్చుట వారి మెదడు పెరుగుదలకు హాని చేయవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 డిసెంబరులో హెచ్చరించినది. దీనికి గాయపు గీతలు, కీళ్ల పట్టు, పాఠశాల మానుట, ఆసుపత్రి దినములు చేర్చుకొనవలయును.

అట్లయిన శస్త్రచికిత్స నిష్ప్రయోజనమా? కాదు. ముఖముమీది మచ్చ బిడ్డ జీవితమును చీకటి చేయుచున్నపుడు, చర్మము పెళుసై మాటిమాటికి చిట్లుచున్నపుడు, దురద నిద్రను చెరచుచున్నపుడు, గడ్డలు హెచ్చై కనిపెట్టుట సాధ్యము కానపుడు కోయుట మేలు. క్రొత్తగా లేచిన గడ్డ అనుమానము కలిగించినచో ఆలస్యము చేయక కోసి పరీక్షింపవలయును. కోసినది ఎంత చిన్న ముక్కయైనను సూక్ష్మదర్శిని పరీక్షకు పంపవలయును. పసిబిడ్డల మచ్చలలో కొన్ని గడ్డలు కేన్సరువలె కనబడియు నిరపాయకరములై యుండును. వానిని గుర్తింప అనుభవము గల నిపుణుడు కావలయును.

సున్నమును చాకలిసోడాను కలిపి పూసి కాల్చుట, జీడిరసము అంటించుట, వెండ్రుకతో బిగించి కట్టుట మన యూళ్లలో కానవచ్చు పనులు. ఇవి చర్మమును పుండుచేయును. లోతు కణములను విడిచిపెట్టును. అన్నిటికంటె ముఖ్యముగా, పరీక్షించుటకు ముక్కను మిగుల్పవు. కేన్సరు అచ్చట దాగియుండెనేని దానిని గుర్తించు అవకాశము పోవును.

కనిపెట్టవలసిన గుర్తులు

పెద్ద మచ్చలలో మెలనోమా లోతున పుట్టవచ్చును గనుక చూపు చాలదు. వ్రేళ్లతో తడవి చూడవలయును. క్రొత్తగా గట్టి గడ్డ తగులుట, అది వారములలో పెరుగుట, మచ్చలో ఒకచోట పుండుపడి మానకుండుట, కారణములేక రక్తము కారుట, నొప్పి కలుగుట, రంగు ఒక్కచోట మాత్రము మారుట – వీనిలో ఏది కనబడినను చర్మవైద్యునికి చూపవలయును. పుట్టుకతోనే ఒకటికి మించి నల్లమచ్చలున్న శిశువునకు, బాహ్యలక్షణములు లేకున్నను, మొదటి ఆరు నెలలలో మెదడునకు ఎమ్మారై చిత్రము తీయించుట మేలని నిపుణులు చెప్పుదురు. ఆ బిడ్డకు మూర్ఛలు, వాంతులు, తల పెద్దదగుట వంటివి కలిగినచో జాగు చేయరాదు. ఆరేడు నెలలకొకమారు అదే వెలుతురున, ప్రక్కన కొలతబద్ద నుంచి మచ్చను ఛాయాచిత్రము తీసి దాచుట తల్లిదండ్రులు చేయగల మేలైన పని. జ్ఞాపకము మోసము చేయును, చిత్రము చేయదు.

విద్యార్థులకు మేము చెప్పవలసినది ఒకటి కలదు. ముఖముమీద మచ్చ గల సహపాఠి ప్రక్కన కూర్చుండుటకు వెనుదీయువారు అది అంటువ్యాధియని తలతురు. అది అంటదు, రాదు, పోదు. ఎవరి పాపఫలమును కాదు. పెక్కుమంది పిల్లలను శస్త్రశాలకు పంపునది కేన్సరు భయము కాదు, తోడివారి చూపు. ఆ చూపు మారినచో కొందరికి కత్తి అవసరమే తొలగును. కత్తి అవసరమైనవారికి దానిని భయముచే గాక వివేకముచే నిర్ణయించు తీరిక దొరకును. మచ్చను చూచి భయపడరాదు, మరచిపోరాదు. కొలిచి, లెక్కించి, కనిపెట్టి, పిమ్మట నిర్ణయింపవలయును.